అత్తయ్యగారి లేసు సూది వెంట పొందూరు దాకా

ఒక కాఫీ హోటలు మంచిదో కాదో తేల్చడానికి మా ఇంట్లో ఒకటే పరీక్ష ఉంది. మా అత్తయ్యగారు అక్కడ చేతిలో లేసు పట్టుకుని గంటసేపు నిశ్చింతగా కూర్చోగలిగితే అది మంచిది, లేకపోతే కాదు. కాఫీ రుచి, గోడల మీది బొమ్మలు, కప్పు మీద నురుగుతో వేసే ఆకు ఆ తరువాతి సంగతులు. ఈ పరీక్షలో విశాఖపట్నం బీచ్ రోడ్డులో మేము చూసినవాటిలో సగానికి పైగా తప్పాయి. మరి ఊరు దాటితే పరిస్థితి ఏమిటన్నది, ఈ చలికాలంలో దారం కోసం, గుడ్డ కోసం, కాఫీ కోసం మేము ముగ్గురం చేసిన చిన్న ప్రయాణాల్లో తెలిసివచ్చింది. వాటిలో ప్రధానమైన, చేతివడుకు ఖాదీకి పేరుపడ్డ పొందూరు ప్రయాణం గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముగ్గురం అంటే అత్తయ్యగారు, నేను, ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి. అత్తయ్యగారిది నరసాపురం దగ్గరి పల్లెటూరు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ ప్రాంతంలో ఇంటింటి ఆడవాళ్ల చేతిపనిగా స్థిరపడి, 2024లో ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకుగా భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా పొందింది. ఆవిడ పదేళ్ల వయసులో పట్టుకున్న సూదిని అరవై ఏళ్లుగా వదిలిపెట్టలేదు. పొందూరు ఖాదీతో మనవరాలికి ఒక చున్నీ చేయించి, దాని రెండు కొసలకూ తన చేత్తో లేసు అంచు వేయాలన్నది ఆవిడ కోరిక. మనవరాలు మొదట పెద్దగా ఉత్సాహం చూపలేదు గాని, దారిలో కాఫీ తాగిస్తామన్న మాట మీద బయల్దేరింది.

మొదటి మెట్టు దారం. పూర్ణా మార్కెట్ ప్రాంతంలో కుట్టుసామాన్లు అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. వాటిలో మేము ఎప్పుడూ వెళ్లే దుకాణం వెడల్పు, రెండు చేతులు బారచాస్తే రెండు గోడలూ తగిలేంత. ఒకవైపు కింది నుంచి పైకప్పు దాకా ఊలు ఉండలు, రెండోవైపు బొత్తాలు, చీర ఫాల్సులు, జరీ అంచులు, లోపలి అరల్లో లేసు దారాలు. వర్ధమాన్, ఓస్వాల్ పేర్లతో వచ్చే ఊలులో ఇక్కడ ఎక్కువగా అమ్ముడుపోయేది గొర్రెబొచ్చు కాదు, ఆక్రిలిక్. విశాఖ ఉక్కపోతలో స్వెట్టరు అల్లేవాళ్లు ఎవరని నేను ఆశ్చర్యపోయాను గాని, ఇప్పుడు ఆ ఉండలు కొనేది కాలేజీ పిల్లలట. తాళంచెవులకు తగిలించుకునే బొమ్మలు, చిన్న చిన్న జంతువులు అల్లుతున్నారు. మా అమ్మాయి కూడా అక్కడే ఒక పసుపుపచ్చ ఉండ తీసుకుంది. దాన్ని ఇంతవరకూ విప్పలేదన్నది వేరే సంగతి.

లేసు దారం కొనేటప్పుడు గమనించవలసినవి ఆ దుకాణదారు ఓపికగా చెప్పాడు. అంతకన్నా ఓపికగా అత్తయ్యగారు అతనికి తిరిగి చెప్పారు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పది నంబరు బల్లగుడ్డలకు, నలభై నంబరు సన్నని అంచులకు తగినది. కాస్టిక్ సోడాతో శుద్ధి చేసిన మెర్సరైజ్డ్ దారానికి మెరుపూ బలమూ ఉంటాయి, రంగు కూడా బాగా పడుతుంది. ఒకే రంగు నంబరు ఉన్నా, అద్దకం లాటు, అంటే ఒకే విడతలో రంగు అద్దిన సరుకు, మారితే రెండు ఉండల మధ్య తేడా పనిలో బయటపడుతుంది కాబట్టి, కావలసిన ఉండలన్నీ ఒకేసారి, ఒకే లాటులో తీసుకోవాలి. ఇది అందరికీ తెలిసిన నియమమే. అయినా మేము రెండే ఉండలు కొన్నాం.

ఈ దుకాణంలో నాకు నచ్చింది ధర కాదు. ఒక్కో ఉండ వంద రూపాయల లోపే అయినా, నెట్‌లో ఇంకా తక్కువకు దొరుకుతుంది. నచ్చింది ఏమిటంటే, ట్యూబులైటు కింద రంగు తెలియడం లేదని అత్తయ్యగారు అంటే, అతను నాలుగు ఉండలు ఆవిడ ఒడిలో పెట్టి, వీధి గుమ్మం దగ్గర స్టూలు వేసి, వెలుతురులో చూసుకోమన్నాడు. అంతకుముందు నెట్‌లో తెప్పించిన ఉండలో మూడు చోట్ల ముడివేసి అతికిన దారం వచ్చింది. లేసులో ముడి పడితే దాన్ని దాచడానికి చోటు ఉండదు. ఆ సరుకు తిప్పి పంపడానికి పడిన తిప్పలతో పోలిస్తే పూర్ణా మార్కెట్‌లో బండి నిలపడానికి చోటు వెతుక్కోవడం నయం, అది కూడా సులభమైన పనేమీ కాకపోయినా.

సూది గురించి ఒక మాట. సముద్రపు గాలికి ఉక్కు సూదులు ఇక్కడ త్వరగా తుప్పు పడతాయి. తుప్పు మచ్చ తెల్లదారానికి అంటితే పోదు. అత్తయ్యగారు కొన్ని వరసలకు ఒకసారి సూదిని తలలో గీసుకుంటారు. ఆ తలనూనె పూతతోనే ఒక సూది పదిహేనేళ్లు మన్నిందని ఆవిడ చెబుతారు. తల రోజూ షాంపూతో కడుక్కునేవాళ్లకు ఈ ఉపాయం పనిచేయదు.

పొందూరు విశాఖకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, శ్రీకాకుళం జిల్లాలో ఉంది. పలాస వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే పొందూరు స్టేషనులోనే దిగవచ్చు. ఖర్చు తక్కువ గాని, తిరుగు బండి వేళను బట్టి రోజంతా నడుచుకోవలసి వస్తుంది. మేము కారులో జాతీయ రహదారి మీద తగరపువలస, భోగాపురం, రణస్థలం దాటి, చిలకపాలెం దగ్గర ఎడమకు తిరిగి రాజాం వైపు వెళ్లే రోడ్డు పట్టుకున్నాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఉదయం ఆరింటికే బయల్దేరడం మేలు. నూలు వడికే పని పగటి వెలుతురులో, ఎక్కువగా ఇళ్లలో జరుగుతుంది. మధ్యాహ్నం భోజనవేళకు చేరితే, మూసిన తలుపులూ ఆరేసిన బట్టలూ తప్ప ఏమీ కనబడవు.

ఊరిలో చూడవలసింది నూలు, గుడ్డ తరువాతి సంగతి అని ముందే చెబుతున్నాను. 1949లో ఏర్పడిన ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఇక్కడి నేతకు ఆధారం. గాంధీజీ ఇక్కడి ఖాదీ నాణ్యత విని తన కుమారుడు దేవదాస్ గాంధీని చూసి రమ్మని పంపారన్న సంగతి ఆ ఊళ్లో ఎవరిని కదిపినా చెబుతారు. కాని నన్ను కట్టిపడేసింది ఆ చరిత్ర కాదు, ఒక చేప దవడ. వాలుగ చేప దవడ ఎముకకు సన్నని పళ్లు దువ్వెనలా వరసగా ఉంటాయి. గింజ తీయని పత్తిని ఆ దవడతో దువ్వి దుమ్మూ ఆకుముక్కలూ పోగొట్టి, పోగులను ఒకే దిశకు తెస్తారు. ఆ తరువాతే గింజ తీయడం, విల్లుతో ఏకడం, వడకడానికి వీలుగా ఏకులు (పత్తి చుట్టలు) చుట్టడం. ఇనుప దువ్వెన ఎందుకు పనికిరాదని మా అమ్మాయి అడిగింది. మేము వెళ్లిన ఇంట్లోని పెద్దావిడ మాటలతో జవాబు చెప్పకుండా, ఆ దవడను పిల్ల అరచేతి మీద ఒకసారి రాసి చూపించింది. ఇనుములా గీరలేదు, మెత్తగా పట్టుకుంది. అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న పిల్ల ఆ తరువాత ఫోను తీయలేదు.

వడికేది ఒకే కదురున్న రాట్నం మీద, 24 ఆకులు (చువ్వలు) ఉన్న పెద్ద చక్రంతో. ఇక్కడి సన్ననూలు 100 నుంచి 120 నంబరు దాకా వస్తుంది. ఈ అంకె అర్థం కావాలంటే చిన్న లెక్క చేయాలి. నూలు నంబరు అంటే ఒక పౌండు బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని తూగుతాయన్నది. 100 నంబరు నూలు ఒక పౌండు తీసుకుంటే 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. ఒక్క గ్రాము నూలు 169 మీటర్లు సాగుతుంది. ఆ ఇంట్లో అరటి బోదె పొరలో చుట్టి పట్టుకున్న ఏకు నుంచి ఆ పెద్దావిడ ఎడమచేతి వేళ్ల మధ్య తెగకుండా జారుతున్న ఆ పోగు కిటికీ వెలుతురులో ఒక కోణంలో కనబడి, ఇంకో కోణంలో మాయమవుతుంది. గాలిలో చెమ్మ ఉంటే పత్తి పోగుకు బలం పెరుగుతుంది. వడికే చోట పంకా వేయకపోవడానికి ఇదే కారణమనుకున్నాను. అసలు కారణం, పంకా గాలికి ఏకులు ఎగిరిపోతాయట.

అత్తయ్యగారూ ఆ పెద్దావిడా మాట్లాడుకున్న పావుగంట నాకు ఆ రోజంతటిలో విలువైన భాగం. అత్తయ్యగారు తన సంచిలోంచి సగం అల్లిన లేసు తీసి చూపించారు. ఆ పెద్దావిడ దాన్ని ఎత్తి పట్టుకుని, అల్లిక వైపు చూడకుండా దారం కొసను వేళ్లతో పురి విప్పి, ఇది ఎన్నో నంబరని అడిగింది. నలభై అన్నారు అత్తయ్యగారు. మాది నూరు అంది ఆవిడ. ఎక్కువ అంకె అంటే సన్నదారమని ఇద్దరికీ తెలుసు. కాని ఒకరి లెక్క కొన్ని పోగులు కలిపి పురిపెట్టిన లేసు దారానిది, ఇంకొకరిది ఒంటిపోగు నూలుది కాబట్టి, ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీల్లేదు. ఆ సంగతి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. చివరికి ఆవిడ లేసు తిరిగి ఇచ్చేస్తూ, "పని బాగుందమ్మా. దారమే, మిల్లు దారం గదేటి!" అంది. అత్తయ్యగారు ఏమీ అనలేదు గాని, మధ్యాహ్నం భోజనం దాకా ఆ మాట ఆవిడ ముఖం మీద ఉంది.

వెళ్లేవాళ్లకు ఒక విన్నపం. ఇవి ప్రదర్శనశాలలు కావు, మనుషులు బతికే ఇళ్లు. ఫోటో తీసే ముందు అడగాలి. వడికేవాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవాళ్లు, రాట్నం ఆగినంతసేపూ వారికి కూలి ఆగినట్లే. మేము వెళ్లేటప్పుడు పళ్లు తీసుకెళ్లాం. అది మర్యాదే అయినా, మేము కూర్చున్న పావుగంట వాళ్ల పనివేళ నుంచి తీసుకున్నదన్న స్పృహ ఉండాలి.

ఇక గుడ్డ. పొందూరు సన్న ఖాదీ పంచెలకు ధర వేలల్లో ఉంటుంది. రాజకీయ నాయకులు కట్టే పంచెగా దానికి పేరు వచ్చింది గాని, చున్నీకి కావలసిన రెండున్నర మీటర్ల గుడ్డ మాకు అందుబాటు ధరలోనే దొరికింది. అసలు ఖాదీని గుర్తుపట్టడానికి వెలుతురుకు ఎత్తి చూడాలి. చేతివడుకు నూలులో సన్నదనం అక్కడక్కడా మారుతూ, పడుగులోనూ (నిలువు పోగుల్లోనూ) పేకలోనూ (అడ్డపోగుల్లోనూ) చిన్న చిన్న గరుకులు కనబడతాయి. మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా ఉంటే అనుమానించాలి. బజారులో పొందూరు పేరు పెట్టి అమ్మే ప్రతి గుడ్డా పొందూరుది కాదు. 2013 నాటి నిబంధనల ప్రకారం ఖాదీ పేరుతో అమ్మే గుడ్డకు ఖాదీ మార్క్ ఉండాలి కాబట్టి, ఆ ముద్ర అడిగి చూడడానికి మొహమాటపడనక్కరలేదు. మేము తీసుకున్న గుడ్డ చలువ చేయనిది. పత్తి సహజమైన రంగు, పాలమీగడకూ ఎండిన గడ్డికీ మధ్యస్థంగా ఉంది. మా సంచిలోని దారం మాత్రం మల్లెపువ్వు తెలుపు. ఆ రెండింటినీ పక్కన పెట్టి చూసేసరికి మా ముగ్గురికీ ఒకేసారి విషయం అర్థమయింది. గుడ్డ ముందు కొని, దాన్ని వెంట తీసుకుని దారం దుకాణానికి వెళ్లాలి. మేము సరిగ్గా తలకిందులు చేశాం.

పొందూరులో, కాఫీ కోసం ప్రత్యేకంగా కూర్చోబెట్టే చోటు మాకు కనబడలేదు. టీ బడ్డీలూ టిఫిను హోటళ్లూ ఉన్నాయి, ఇడ్లీ వేడిగా ఉంది, అంతకు మించి చెప్పుకోవలసింది లేదు. అమ్మాయికి ఇచ్చిన మాట తీర్చడానికి తిరుగుదారిలో రహదారి పక్కన కొత్తగా పెట్టిన ఒక కేఫ్‌లో ఆగాం. పేరు చెప్పను. అద్దాల గోడలు, ఎత్తయిన స్టూళ్లు, నేల నుంచి పైకప్పు దాకా కదిలించే సంగీతం. స్టూలు ఎక్కడానికి అత్తయ్యగారికి సాయం పట్టవలసి వచ్చింది, వీపు ఆనించడానికి ఏమీ లేదు. దీపాలు పసుపువెలుగువి కావడంతో తెల్లదారంలో కుట్టు కనబడలేదు. కాఫీ బాగానే ఉంది, కేకు కూడా తాజాదే. కాని కప్పు ఖాళీ అయిన మరుక్షణం ఒక కుర్రవాడు వచ్చి బల్ల తుడవడం మొదలుపెట్టాడు. తడిగుడ్డ లేసుకు తగలకుండా అత్తయ్యగారు దాన్ని గభాలున ఒడిలోకి లాక్కోవడంలో ఆరు కుట్లు జారిపోయాయి. ముగ్గురికి ఆరువందల పైచిలుకు బిల్లు కట్టి, ఇరవై నిమిషాల్లో బయటపడ్డాం. కుర్రవాళ్లకు అది నచ్చవచ్చు, మా అమ్మాయికి నచ్చింది. మా పరీక్షలో మాత్రం తప్పింది.

అక్కడి నుంచి నేరుగా విశాఖకు వెళ్లకుండా, తగరపువలస దగ్గర భీమిలి వైపు తిరిగాం. గోస్తనీ నది సముద్రంలో కలిసే ఈ చిన్న ఊరు 1861లోనే పురపాలక సంఘమయింది. డచ్చివారి సమాధులు, పాత లైట్‌హౌసు ఉన్న ఊరు గాని, ఆ సాయంత్రం మాకు వాటి కోసం వేళ లేకపోయింది. సముద్రానికి ఎదురుగా ఒక టీ కొట్టు, ముందు సిమెంటు బల్ల, దానికి వెనుక గోడ. టీ అల్లం వేసి, చిక్కగా, చిన్న గాజుగ్లాసులో పది రూపాయలకు ఇచ్చారు. అత్తయ్యగారు గోడకు ఆనుకుని కళ్లజోడు తుడుచుకుని, జారిపోయిన ఆరు కుట్లనూ వెనక్కి లెక్కపెట్టి పట్టుకున్నారు. కొట్టు ఆవిడ రెండుసార్లు వచ్చి చూసింది. ఖాళీ గ్లాసు తీయడానికేమో అనుకుంటే, ఆ పువ్వు ఎలా వస్తుందో చూడడానికి. గంటంపావు కూర్చున్నాం, ఎవరూ లేవమనలేదు. ఇందులోనూ లోపం లేకపోలేదు. ఉప్పుగాలికి దారం జిగురుగా మారి సూదికి పట్టుకుంది, ఇసుక సంచిలోకి చేరింది, ఆరుబయట కాబట్టి ఆరింటికే వెలుతురు పోయింది. అయినా మా పరీక్షలో నూటికి ఎనభై మార్కులు వేశాం.

పోలిక కోసం అరకు ప్రయాణం గురించి క్లుప్తంగా చెబుతాను. పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజరు యాభైకి పైగా సొరంగాల్లోంచి, 996 మీటర్ల ఎత్తున ఉన్న సిమిలిగుడ స్టేషను మీదుగా పోతుంది. బోగీలో దీపం వెలగని సొరంగాల్లో కూడా అత్తయ్యగారి చేతులు ఆగలేదు. వెలుతురులోకి రాగానే మేము కుట్లు లెక్కపెట్టి చూస్తే ఒక్కటీ తప్పలేదు. అరకులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన పెరిగే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖలోనే ప్రధాన కార్యాలయమున్న గిరిజన సహకార సంస్థ గిరిజన రైతుల నుంచి ఆ గింజలు కొంటుంది. కాఫీ మ్యూజియంలో పాలు లేని కాఫీ తాగి, దాని పుల్లదనాన్నీ పళ్లవాసననూ మా అమ్మాయి మెచ్చుకుంటుంటే, చికోరీ కలిపిన ఫిల్టరు కాఫీకి అలవాటుపడిన అత్తయ్యగారు ఇది కషాయమని తేల్చి పాలూ పంచదారా తెప్పించుకున్నారు. కాఫీ కోసమే వెళ్లేవాళ్లకు అరకు మేలు. దారమంటే ఇష్టమున్నవాళ్లకు అక్కడ చేసేది తక్కువ, జనమూ ఎక్కువ. చలికాలపు ఆదివారం అసలు వెళ్లకూడదు.

ఇంటికి వచ్చాక పొందూరు గుడ్డను ఒక రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి, నీడన ఆరేశాం. చేతివడుకు పత్తిగుడ్డ మొదటి తడుపులో కుంచించుకుపోతుంది. తడపకుండా అంచు వేస్తే, తరువాత గుడ్డ ముడుచుకుని లేసు అలలుగా లేస్తుంది. మా గుడ్డ పొడవులో నాలుగు వేళ్లు తగ్గింది. ఆ తరువాత గుడ్డను వెంటపెట్టుకుని మళ్లీ పూర్ణా మార్కెట్‌కు వెళ్లాం. వాడని తెల్ల ఉండలు రెండూ దుకాణదారు మారు మాట లేకుండా వెనక్కి తీసుకుని, అదే స్టూలు గుమ్మంలో వేశాడు. మీగడరంగుల్లో ఐదు రకాలు చూసి, అత్తయ్యగారు ఒకటి ఖాయం చేశారు. ఆ లాటులో ఒకే ఉండ ఉందని, రెండోది కావాలంటే వేరే లాటు తీసుకోవాలని, లేదా వారం ఆగితే తెప్పిస్తానని అతను చెప్పాడు. ఒక్క ఉండతో రెండు కొసలూ అయిపోతాయని అత్తయ్యగారు లెక్కకట్టారు.

మొదటి కొస పూర్తయింది, చిన్న చిన్న ద్రాక్షగుత్తుల వరస. రెండో కొసలో మూడు గుత్తులు పడేసరికి దారం అయిపోయింది. లాటు నంబరున్న కాగితపు చుట్టును మా అమ్మాయి తన ఫోను కవరు వెనుక దాచిపెట్టింది. శనివారం ముగ్గురం మళ్లీ పూర్ణా మార్కెట్‌కు వెళ్తున్నాం.